దివంగతుల నామము - కావ్యవస్తువు - ప్రచారప్రకటన

ఒక వ్యక్తి గతించిన పిమ్మట ఆతని యిల్లు, పొలము, పుస్తకముల పెట్టె ఎవరికి చెందవలెనో ధర్మశాస్త్రమును, నేటి న్యాయశాస్త్రమును చెప్పగలవు. కాని ఆతని పేరు ఎవరికి చెందును? దానిని గోడపత్రికపై ముద్రించుటకును, చలనచిత్రపు ప్రచారమున వినియోగించుటకును, అంగడిలోని వస్తువునకు తగిలించుటకును ఎవరి యనుమతి కావలెను? బంధువులు వలదన్నచో ఆ మాటకు సాహిత్యవిమర్శకుడు ఈయవలసిన విలువ యెంత?

ఈ ప్రశ్నలు ఇటీవల న్యాయస్థానములలో తరచుగా వినబడుచున్నవి. సాహిత్యవిమర్శలో మాత్రము అరుదు. ఇది న్యాయవాదుల పని యని విమర్శకులు తప్పుకొనుట వాడుకయైనది. అయితే న్యాయమూర్తి తీర్పు చెప్పవలసి వచ్చినప్పుడెల్ల మొదట నెదురగు ప్రశ్న "ఇది కళయా, వర్తకమా?" అనునది. అది మూలమున సాహిత్యప్రశ్నయే. దానికి సమాధానము వెదకు భారము సాహిత్యము చదువుకొన్నవారిపై నుండుట న్యాయము. కావున ఈ వ్యాసమున మేము రెండంశములను ప్రతిపాదింపదలచితిమి. మృతుని నామము ఒక రచనలో వస్తువుగా నున్నదా, లేక సాధనముగా నున్నదా యని నిర్ణయించుటకు విమర్శకు తగిన పరీక్ష యొకటి కలదనుట మొదటిది. ప్రచారప్రకటన కూడ ఒక స్వతంత్రరచన యనియు, బంధువుల యభ్యంతరము తరచుగా ఆ రచనపైననే యనియు చెప్పుట రెండవది.

మన రాష్ట్రములకు దగ్గరి యుదాహరణముతో నారంభింతము. 2020 అక్టోబరు 22వ తేదీన శ్రీ ఎస్. ఎస్. రాజమౌళి దర్శకత్వమున నిర్మాణములో నుండిన 'ఆర్.ఆర్.ఆర్.' చలనచిత్రమునకు చెందిన టీజరు, అనగా కొలదిపాటి ప్రచారచిత్రము, వెలువడెను. కొమురం భీము పాత్రను ప్రేక్షకులకు పరిచయము చేయుట దాని ప్రయోజనము. అందు భీము ముస్లిములు ధరించు టోపీతోను, కన్నుల సుర్మాతోను ఒకచో కనబడెను. భీము మనుమడును, ఆదివాసి సంఘములవారును ఆ రూపమునకు అభ్యంతరము చెప్పిరి. నిజాము ప్రభుత్వముతో పోరాడి 1940లో జోడేఘాట్ కొండలలో ప్రాణములు విడిచిన గోండు వీరుని ఆ వేషమున చూపుట చరిత్రను వక్రీకరించుట యని వారి యాక్షేపణ. రాజకీయపక్షములవారు కొందరు దీనిని తమ ప్రయోజనములకు వాడుకొనిరి. ఆ కోలాహలముతో మాకు పనిలేదు.

చిత్రము 2022 మార్చి 25న విడుదలయ్యెను. కథలో నొక గోండు బాలికను ఆంగ్లపాలకులు ఢిల్లీకి తీసికొనిపోవుదురు. ఆమెను విడిపించుటకై భీము 'అక్తర్' అను పేరుతో నగరమున మారువేషమున నుండును. టోపీ ఆ మారువేషములోని భాగము. కావుననే చిత్రము చూచినవారిలో కొందరు, మునుపటి యభ్యంతరము తొందరపాటని తేల్చివేసిరి.

మే మట్లు తలపము. 2020లో ఆ కుటుంబము ముందుండిన రచన చలనచిత్రము కాదు, ప్రచారచిత్రము మాత్రమే. అందు మారువేషము లేదు; మారువేషమునకు కారణమగు బాలిక లేదు; 'అక్తర్' అను పేరు లేదు. ఉన్నవి భీము నామము, ఆ రూపము, ఉద్వేగము కలిగించు కంఠస్వరము, సంగీతము. కావ్యమున ఒక దృశ్యమునకు పూర్వాపరము లుండును. అవి దాని యర్థమును కట్టుదిట్టము చేయును. ప్రకటన ఆ పూర్వాపరములను బుద్ధిపూర్వకముగా త్రెంచివేయును. కుతూహలమును రేపుటయే దాని వృత్తి గనుక, అర్థమును నిలిపివైచి ఆకారమును మాత్రము చూపును. త్రెంచివేయబడిన యర్థమును ఊహించుకొనుడని బంధువులను కోరు హక్కు ప్రకటనకర్తకు లేదు. వారు చదివిన రచనను వారు సరిగానే చదివిరి. తరువాత వచ్చిన వేరొక రచన వారి పఠనమును తప్పని నిరూపింపజాలదు.

ఎనుబది సంవత్సరములు గడచిన పిమ్మట బంధువులకు వియోగదుఃఖ మేమని యడుగవచ్చును. జోడేఘాట్ వద్ద ఏటేట ఆశ్వయుజ పౌర్ణమినాడు గోండులు భీము వర్ధంతిని జరుపుదురు. సంవత్సరమున కొకమారు తలచుకొని కన్నీరు పెట్టు జనులున్నంతకాలము ఆ మరణము పాతబడలేదు. నేటి న్యాయశాస్త్రము వారసుడనగా ఆస్తికి వారసుడని మాత్రమే యెంచును. జోడేఘాట్ వద్ద గుమిగూడువారికి భీము నామము ఆస్తి కాదు, ఋణము. ఈ భేదము మన చర్చకు ముఖ్యము.

ఇక రెండవ ప్రశ్న. ఈ కథ కల్పితమని దర్శకుడు 2019లోనే ప్రకటించియుండెను. అల్లూరి సీతారామరాజు 1924 మే నెలలో వధింపబడెను. భీము పోరాటము పరాకాష్ఠ నందినది 1940లో. ఇరువురును కలిసికొనిరనుటకు చారిత్రకాధారము లేదు. వారు స్వస్థలములకు దూరముగా నుండిన కాలమున కలిసికొని యుండినచో నెట్లుండునని చిత్రకర్తలు ఊహించిరి. ఊహించుట కవిహక్కు. కాని కథ యంతయు కల్పితమైనప్పుడు పేర్లు మాత్రము కల్పితములు కాకపోవుటకు హేతు వేమి?

దీనికి మన యలంకారశాస్త్రమున సమాధానము కలదు. ధనంజయుడు దశరూపకమున ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములుగా విభజించెను. ఇతిహాసాదులనుండి గ్రహింపబడినది ప్రఖ్యాతము. కవి కల్పించినది ఉత్పాద్యము. రెంటి కలయిక మిశ్రము. ప్రఖ్యాతవస్తువున నాయకునకు గాని రసమునకు గాని అనుచితమైన దున్నచో దానిని విడిచివేయుటయో, మార్చి కల్పించుటయో చేయవలెనని ఆతని యనుశాసనము. వాలిని రాముడు చాటునుండి వధించుట రామాయణకథ. భవభూతి మహావీరచరితమున వాలి రావణమైత్రిచే రామునితో పోరుటకు తానే వచ్చును. కవికి మార్చు స్వాతంత్ర్యము కలదు; ఆ స్వాతంత్ర్యమునకు ఔచిత్యము ఎల్ల.

ధ్వన్యాలోకము మరియొక యడుగు ముందునకు వేసినది. రామాయణాదికథలు సిద్ధరసములనియు, వానియందు రసవిరోధియగు స్వేచ్ఛాకల్పన కూడదనియు అందు చెప్పబడినది. సిద్ధరసమనగా కవి శ్రమించి నిష్పన్నము చేయవలసిన పనిలేక, నామశ్రవణమాత్రముననే సహృదయుని మదిలో నుదయించునది. రాముడనగనే కొంత భావము ముందుగానే సిద్ధమై యుండును. కవి యా భావమును పెట్టుబడిగా గ్రహించి తన కావ్యమును నడపును.

ఆధునికకాలమున సిద్ధరసము పురాణపురుషులకు మాత్రమే పరిమితము కాలేదు. అల్లూరి, భీము మున్నగు వీరుల నామములు తెలుగునాట అట్టి సిద్ధరసమును కలిగియున్నవి. ఆ రసము పుట్టుట కెవరో ప్రాణము లిచ్చిరి; మరియెవరో వితంతువులైరి, అనాథలైరి. ప్రాచీనాలంకారికులు నాయకుని గూర్చియు, రసమును గూర్చియు చెప్పిరి కాని నాయకుని బంధువులను గూర్చి చెప్పలేదు. వారి నాయకులు త్రేతాద్వాపరములవారు. అభ్యంతరము చెప్పు బంధువు లెవ్వరును మిగిలియుండలేదు. ఆ కొరతను నేటి విమర్శ పూరింపవలసియున్నది.

ఈ సందర్భమున మేము ప్రతిపాదించు పరీక్షకు నామవియోగపరీక్ష యని పేరు పెట్టుదుము. రచననుండి మృతుని పేరును తొలగించి చూడుడు. పేరు పోగానే రచన కూలిపోయినచో ఆ నామము దానికి వస్తువు. పేరు పోయినను రచన యథాతథముగా నిలిచినచో ఆ నామము సాధనము. అనగా అమ్మకమునకో, ఆకర్షణకో తగిలింపబడినది. నామము వస్తువైనచో రచయిత సత్యమునకు బద్ధుడు; బంధువుల సమ్మతికి బద్ధుడు కాడు. నామము సాధనమైనచో బంధువుల యభ్యంతరమునకు పూర్ణబలము కలదు.

కొన్ని రచనలపై దీనిని ప్రయోగించి చూతము. విశ్వనాథ సత్యనారాయణగారి 'వరలక్ష్మీ త్రిశతి'నుండి ఆ నామమును, అనగా కవి గతించిన భార్యను, తొలగింపగలమా? కావ్యమే మిగులదు. సాహు, అల్లం రాజయ్యగార్ల 'కొమురం భీము' నవలయు నట్టిదే. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' చలనచిత్రమున కల్పన యెంత యున్నను, ఆ నామము లేక చిత్రము లేదు. 'ఆర్.ఆర్.ఆర్.' విషయము వేరు. పరస్పరము గుర్తెరుగని యిరువురు వీరులు మిత్రులగుట, ఒకని రహస్యము మరియొకనికి తెలిసి విరోధులగుట, తుదకు కలిసి పోరాడుట - ఈ కథకు ఏ పేర్లు పెట్టినను కట్టడము చెడదు. చెడునది ఉద్వేగము మాత్రమే. కావున ఆ నామము లందు కథకు ప్రాణములు గాక, అరువు దెచ్చుకొన్న సిద్ధరసములై యున్నవి. ఈ మాటచే ఆ చిత్రముయొక్క నిర్మాణకౌశలము తగ్గదు. అరువు తెచ్చుకొన్నవాడు అరువిచ్చినవారి మాట వినవలెనని మాత్రమే మా యభిప్రాయము.

నామము లేకయే సత్యమును నిలిపిన రచనకు మన సాహిత్యమున 'కన్యాశుల్క'మును మించిన నిదర్శనము లేదు. విశాఖపట్టణమండలమున మూడు సంవత్సరములలో జరిగిన శుల్కవివాహముల పట్టికను మహారాజు తయారు చేయించెననియు, అవి 1034 అని తేలెననియు, సగటున సంవత్సరమునకు 344 అనియు గురజాడ అప్పారావుగారు 1897నాటి పీఠికలో తెలిపిరి. ఆ పీఠికలో సంఖ్యలున్నవి; గృహస్థుల పేర్లు లేవు. సంఘదోషమును చూపుటకు సంఖ్య చాలును. వ్యక్తి నామము అనవసరము. పేరు పెట్టియుండినచో నాటకమున కేమి లాభము? నాలుగు దినముల గుసగుసలు తప్ప వేరొండు లేదు.

ఇంతవరకు మా వాదము బంధువుల పక్షముననే నడచినట్లు తోచవచ్చును. ఇప్పుడు రెండవ పార్శ్వమును చూడవలెను. ఏలయన, బంధువుల మాటయే ప్రమాణమైనచో చరిత్రయు, విమర్శయు, నవలయు నడువజాలవు. దీనికి జర్మనీ దేశమున ప్రసిద్ధమగు నొక సాహిత్యవివాదము సాక్ష్యము.

నాజీల పాలనవలన దేశము విడిచిన క్లౌస్ మన్ 1936లో ఆమ్‌స్టర్‌డామ్‌నుండి 'మెఫిస్టో' యను నవలను వెలువరించెను. ప్రతిభావంతుడగు నొక నటుడు పదవికొరకు దుష్టపాలకుల కాశ్రితుడగుట దాని వస్తువు. నాయకుని పేరు హెండ్రిక్ హోఫ్‌గెన్. ఆ పేరు కల్పితము. కాని 'ఫౌస్ట్' నాటకమున మెఫిస్టో పాత్రధారణచే ఖ్యాతి గాంచి, నాజీల కాలమున బెర్లిన్ రాజ్యనాటకశాలకు అధిపతియైన గుస్టాఫ్ గ్రుండ్‌గెన్స్ జీవితమే దీనికి మూలమని చదువరులు గుర్తించిరి. ఆతడు ఒకప్పుడు రచయితకు బావ. రచయిత సోదరి ఎరికాను వివాహమాడి విడిపోయినవాడు. రచయిత 1949లోను, నటుడు 1963లోను మరణించిరి. పశ్చిమజర్మనీలో నవలను ప్రచురింప బూనగా నటుని దత్తపుత్రుడు అభ్యంతరము తెలిపి న్యాయస్థానమున కెక్కెను. 1968లో ఉన్నతన్యాయస్థానము నిషేధమును స్థిరపరచెను. 1971లో రాజ్యాంగన్యాయస్థానమున న్యాయమూర్తులు ముగ్గురు ఒకవైపును, ముగ్గురు మరియొకవైపును నిలువగా, సమానసంఖ్య కారణమున నిషేధము తొలగలేదు. మృతుని స్మృతి మాసిపోవుకొలది ఈ రక్షణ కూడ క్షీణించునని ఆ న్యాయస్థానములు చెప్పియుండెను. 1981 నాటికి వేరొక ప్రచురణకర్త నవలను సాహసించి అచ్చువేయగా ఎవ్వరును వారింపలేదు. ఆ సంవత్సరముననే దానిని ఇస్త్‌వాన్ సాబో చలనచిత్రముగా తీసెను.

ఈ నవలకు నామవియోగపరీక్ష ఎట్లు వర్తించును? రచయిత పేరును ముందుగానే తొలగించెను. అయినను వస్తువు నిలిచియున్నది. ఆ వస్తువు గ్రుండ్‌గెన్స్ అను వ్యక్తి కాదు, అధికారమునకు అమ్ముడుపోవు ప్రతిభ. దత్తపుత్రుని దుఃఖము నిజమైనదే. కాని ఆ దుఃఖము నవలను పాతిపెట్టుటకు చాలిన హేతువు కాదని మా దృఢాభిప్రాయము. తండ్రి గౌరవమును కాపాడుకొన గోరు కుమారునికి ప్రత్యుత్తరము వ్రాయు హక్కు కలదు; ఇతరుల నోరు కట్టివేయు హక్కు లేదు.

అయితే ఈ వివాదమున విమర్శకులు సాధారణముగా విస్మరించు విషయ మొకటి కలదు. 1936లో పారిస్ నగరమున ప్రవాసజర్మనులు నడపిన దినపత్రిక ఈ నవలను ధారావాహికగా ప్రచురింప బూని, ముందుగా నొక ప్రకటన చేసెను. అందు ఈ నవల నిజవ్యక్తులను మారుపేర్లతో చూపునదియనియు, నాయకుడు ఆ నటుని పోలినవాడనియు తెలిపెను. క్లౌస్ మన్ వెంటనే దానిని ఖండించుచు, తాను వ్యక్తులను గాక ప్రతినిధిపాత్రలను చిత్రించితినని పత్రికకు వ్రాసెను. రచయిత కావ్యమునుండి తొలగించిన నామమును ప్రకటనకర్త మరల అతికించెను! పత్రిక నమ్ముటకు హోఫ్‌గెన్ చాలడు, గ్రుండ్‌గెన్స్ కావలెను. దశాబ్దముల పిమ్మట న్యాయస్థానమున నవలకు ప్రతికూలముగా నిలిచిన సాక్ష్యములలో నా ప్రకటన యొకటి. కావ్యము చేయని యపరాధమునకు ప్రకటన కారణముగా కావ్యము శిక్ష ననుభవించెను. ప్రకటనను స్వతంత్రరచనగా నెంచవలెనని మేము చెప్పుటకు ఇంతకు మించిన యాధారము అక్కరలేదు.

అదే దేశమున మరియొక వివాదము ఈ భేదమును స్పష్టముగా తేల్చినది. నటీమణి మార్లీన్ డీట్రిచ్ 1992లో పారిస్‌లో మరణించెను. మరుసటి సంవత్సరము ఆమె జీవితముపై నొక సంగీతనాటకము ప్రదర్శింపబడెను. నాటకనిర్మాత అంతటితో నాగక, ఆమె నామమును ఒక కారు కంపెనీవారు తమ ప్రత్యేకశ్రేణి కార్లకు పెట్టుకొనుట కంగీకరించెను. అలంకరణసామగ్రి మున్నగు వానికిని వినియోగింప జూచెను. ఏకైక వారసురాలగు కుమార్తె అభ్యంతరము తెలిపెను. 1999 డిసెంబరు 1వ తేదీన జర్మనీ ఉన్నతన్యాయస్థానము కుమార్తె పక్షమున తీర్పు చెప్పెను. వ్యక్తిత్వమునకు గల ధనమూల్యము వారసులకు సంక్రమించుననుట అందలి ముఖ్యాంశము. ఈ రక్షణ మరణానంతరము పది సంవత్సరముల వరకే యని 2006లో మరియొక తీర్పు నిర్ణయించెను. నాటకమును మాత్రము ఎవ్వరును నిషేధింపలేదు. మా పరీక్షను బట్టి చూచినను ఇదియే ఫలితము. నాటకమునుండి మార్లీన్‌ను తొలగించినచో నాటకము లేదు. కారునుండి ఆమె పేరును తొలగించినచో కారు నడచుచునే యుండును.

మన దేశమున న్యాయశాస్త్రము ఇంకను ఇట్టి విభజనకు రాలేదు. 1994లో రాజగోపాల్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు తరఫున తీర్పు వ్రాసిన జస్టిస్ బి. పి. జీవన్‌రెడ్డిగారు వ్యక్తి యేకాంతహక్కును గుర్తించుచు, అనుమతిలేక పేరును గాని రూపమును గాని ప్రకటనలకు వాడుట ఆ హక్కునకు భంగమని చెప్పిరి. ప్రభుత్వపత్రములలోని విషయములకు మినహాయింపు నిచ్చిరి. ఆ హక్కు జీవించియున్న వ్యక్తిది. 2020 జూన్‌లో మరణించిన హిందీ నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి, కుమారుని జీవితమును పోలిన చలనచిత్రమును ఆపుమని ఢిల్లీ హైకోర్టును కోరెను. 2021లో కోర్టు చిత్రమును నిలుపుటకు నిరాకరించెను. 2023 జూలైలో ఆ హక్కులు వ్యక్తితోనే అంతరించుననియు, వారసులకు సంక్రమింపవనియు చెప్పెను. కళాస్వాతంత్ర్యమునకు ఈ తీర్పు మేలు చేసినదనుట నిజము. కాని కథయు, ఆ కథను అమ్ము గోడపత్రికయు ఒకే గాట కట్టబడినవి. హక్కు లేదన్న మాటకు తప్పు లేదన్న యర్థము రాదు. కోర్టు విచారణ ముగిసినచోటనే విమర్శకుని విచారణ మొదలగును.

పోనీ, బంధువులు సమ్మతించినచో అంతయు సవ్యమగునా? 2009లో మోంట్ బ్లాంక్ అను విదేశీ కంపెనీవారు మహాత్మాగాంధి నామరూపములతో బంగారు కలములను అమ్మకమునకు పెట్టిరి. దండియాత్ర 241 మైళ్ళు గనుక కలములు 241. ఒక్కొక్కదాని వెల పదునొకండు లక్షల రూపాయలకు పైబడినది. గాంధీగారి మునిమనుమడు దీనికి సమ్మతించి, తన ధర్మసంస్థకు విరాళము స్వీకరించెను. అయినను పలువురు మనసు నొచ్చుకొనిరి; విషయము న్యాయస్థానమున కెక్కెను; 2010లో అమ్మకము నిలిచిపోయెను. గాంధీ నామమును వర్తకమునకు వాడరాదని 1950నాటి చిహ్నముల, నామముల చట్టము రక్షణ కల్పించుచున్నది. పొట్టి పెన్సిలు ముక్కను సైతము పారవేయనొల్లని వ్యక్తి నామమును బంగారుకలమునకు పెట్టుట అనౌచిత్యమని చెప్పుటకు చట్టము కూడ అక్కరలేదు. ఈ యుదాహరణమువలన తేలున దేమన, సాధనముగా వాడబడిన నామము విషయమున బంధువుల నిరాకరణము చాలినంత బలము కలదైనను, వారి సమ్మతి మాత్రము చాలినంత సమర్థనము కాదు. ఋణము నొకడు మాఫీ చేసినంతమాత్రమున అందరికిని తీరదు.

మా పరీక్షకు పరిమితులు లేకపోలేదు. వస్తువునకును సాధనమునకును నడుమ సన్నని గీత కలదు. మిశ్రేతివృత్తములందు నామము కొంత వస్తువును, కొంత సాధనమును కావచ్చును. ఉత్తమకావ్యమునకు అధమప్రకటన యుండవచ్చును, 'మెఫిస్టో' యట్టిదే. అప్పుడు రెండింటిని వేర్వేరుగా తూచవలెను. ప్రకటన దోషమును కావ్యముపై మోపరాదు. కావ్యగుణమును చూపి ప్రకటన దోషమును కప్పిపుచ్చరాదు. బంధువులు ఏ రచనకు అభ్యంతరము చెప్పుచున్నారో మొదట తెలిసికొని, ఆ రచనకు మాత్రమే ఆ యభ్యంతరమును వర్తింపజేయవలెను. ఇంతమాత్రము చేసినను సగము వివాదములు చల్లారునని మా నమ్మకము.

పరిశోధకులకు దీనినుండి రెండు కార్యములు సంక్రమించుచున్నవి. మొదటిది సంగ్రహము. మన గ్రంథాలయములు పుస్తకమును భద్రపరచును కాని దాని పైయట్టను విప్పి పారవేసి గట్టియట్ట కట్టించును. చలనచిత్రమును గూర్చి పరిశోధించువారు చిత్రమును చూతురు కాని దాని గోడపత్రికలను, ప్రచారచిత్రములను, పత్రికాప్రకటనలను సేకరింపరు. కావ్యము లోకమున ప్రవేశించిన ద్వారమే యట్లు నశించుచున్నది. ఒక నామము ఏ రూపమున, ఏ యక్షరముల పరిమాణమున, ఏ వాక్యము ప్రక్కన ముద్రింపబడెనో తెలియక బంధువుల యాక్షేపణను తూచుట యసాధ్యము.

రెండవది స్వీయపరీక్ష. విశ్వవిద్యాలయములవారమైన మేమును ఈ విచారణకు వెలుపలివారము కాము. ఇటీవల గతించిన కవి పేరును సదస్సు ఆహ్వానపత్రికపై పెద్దయక్షరములతో ముద్రించి, లోపల ఆతని కవిత్వమును గూర్చి ఒక్క వ్యాసమైనను చదువకుండుట మే మెరుగని విషయము కాదు. అముద్రితలేఖలను కుటుంబమువారినుండి తెచ్చుకొని, సిద్ధాంతగ్రంథమునకు అవసరములేని గృహవిషయములను ఆకర్షణకొరకు అందు చేర్చుటయు కలదు. ఆ ఆహ్వానపత్రికనుండి పేరును తొలగించి చూచినచో సదస్సు యథాతథముగా నిలుచును; సిద్ధాంతగ్రంథమునుండి ఆ గృహవిషయమును తొలగించినచో వాదము చెక్కుచెదరదు. అప్పుడు మేమును ఆ నామమును కారునకు తగిలించినవారమే. అట్లని కవి జీవితమున విమర్శకు నిజముగా నవసరమైన కఠినసత్యమును కుటుంబమువారికి కష్టముగా నుండునని దాచుటయు తగదు. దానిని చెప్పవలెను, చెప్పుటకు ముందు వారి మాట వినవలెను, విని, మన నిర్ణయమునకు మనమే బాధ్యత వహింపవలెను.

కొమురం భీము మనుమడు 2020లో కోరినది కావ్యనిషేధము కాదు, రూపశుద్ధి. ఆ కోరిక కళాస్వాతంత్ర్యమునకు విఘాతమని కొందరును, చరిత్రరక్షణమని కొందరును వాదించిరి. ఆ ప్రచారచిత్రమును ఒక రచనగా చదివి, ఈ నామ మిందు చేయుచున్న పనియేమని యడిగినవారు అరుదు. ఆ ప్రశ్న నడుగుట విమర్శకుని ధర్మము. మృతుడు తన నామమును గూర్చి తాను మాటాడజాలడు. బంధువులు దుఃఖముతో మాటాడుదురు. వర్తకుడు లాభముతో మాటాడును. ఈ మువ్వురి నడుమ నిలిచి, నామమునకును రచనకును గల సంబంధమును నిష్పక్షపాతముగా చెప్పవలసినవాడు విమర్శకుడు. ఆతడు మౌనము వహించినచో నామముపై తుదిమాట అంగడిదే యగును.